పలకని చుట్టాలు

ధర్మవరం స్టేషన్లో ప్యాసింజరు రైలు కదిలేసరికి హనుమక్క ఎదుటి సీట్లో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. మెడదాకా గుండీలు పెట్టిన ఎర్ర కోటు, తల మీద పొడుగాటి టోపీ, పైకి మెలిపెట్టిన మీసం. గుండీల మీద చెక్కిన నెమళ్ళు కూడా కనిపిస్తున్నాయి, ఒక నెమలికి తోక సగం అరిగిపోయి ఉంది. ఇంత తేటగా కనిపిస్తున్నాడంటేనే అతను అక్కడ లేడని ఆమెకు తెలిసిపోయింది. ఉన్నవాళ్ళెవరూ ఇప్పుడు ఆమెకు ఇట్లా కనిపించరు. పక్కనే కూర్చున్న కోడలు రాధ ముఖం తడిగుడ్డతో తుడిచిన పలకలా ఉంటుంది. గొంతు, చీర గరగర, జడలో మల్లెపూల వాసన, అంతే రాధ అంటే. కిటికీ బయట లోకం పాలు కలిసిన నీళ్ళు. ఆ నీళ్ళకు ఇవతల ఈ ఎర్ర కోటు మనిషి మాత్రం గుండీ గుండీకీ మెరుస్తూ, ఎక్కడికో పెళ్ళికి పోతున్నవాడిలాగా కుదురుగా కూర్చున్నాడు. హనుమక్క అతణ్ణి ఒకసారి పైనుంచి కిందిదాకా చూసి, రాధకు అనుమానం రాకముందే చూపు తిప్పుకుంది.

రెండు కళ్ళలోనూ పొర కమ్ముకుని ఏళ్ళయింది. మొదటిసారి ఇట్లాంటి లేని మనుషులు వచ్చింది మిద్దె మీదికి. ఆమె శెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చుంది, చేతులకు కళ్ళతో పనిలేదు కదా. తలెత్తితే నీళ్ళ ట్యాంకు పక్కన పచ్చచీరల ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు. ఎవరింటికో వచ్చి మిద్దె తప్పి ఎక్కారనుకుని, "ఎవురమ్మా మీరు, యా ఊరు మీది?" అని పలకరించింది. ఒక్కరూ పలకలేదు. లేచి దగ్గరికి పోతే ట్యాంకు చల్లదనం తప్ప చేతికి ఏమీ తగల్లేదు. శెనక్కాయలు అక్కడే వదిలేసి కిందికి దిగిపోయింది. తరవాత వాళ్ళు ఇంట్లోకే రావడం మొదలుపెట్టారు. వంటింటి గట్టు మీద బుడతలంత మనుషులు, మంచం చుట్టూ ఇనుప జాలీలాంటి ముగ్గులు, గోడకు ఆనుకుని ఎవరో ముసలాయన. కళ్ళు మూసుకుంటే పోతారు, తెరిస్తే మళ్ళీ ఉంటారు. ఎవరూ ఏమీ అనరు, ఎవరూ ఆమె వైపు చూడరు. కొన్నాళ్ళకు భయం కాస్త తగ్గాక ఆమె వాళ్ళకు చుట్టాలని పేరు పెట్టుకుంది. పిలవకుండా వచ్చి, పలకకుండా కూర్చుని, చెప్పకుండా పోయే చుట్టాలు.

ఒకరోజు కొడుకు శ్రీనివాసులు కరెంటాఫీసు నుంచి తొందరగా ఇంటికొచ్చి, తల్లి ఖాళీ కుర్చీతో మాట్లాడుతూ ఉండగా చూశాడు. తరవాత వరండాలో ఫోన్లో ఎవరికో చెప్తున్నాడు, "అమ్మకు మతి తప్పుతాండాదబ్బా, ఇంక ఒంటిగా బయటికి పంపేదానికి ల్యా." కన్ను పోయినా చెవి పోలేదు హనుమక్కకు. మర్నాటి నుంచి వీధి వాకిలికి లోపల, ఆమె చెయ్యి అందని ఎత్తులో గొళ్ళెం పడింది. ఆ గొళ్ళెం చప్పుడు ఇప్పటికీ ఈ రైలు చక్రాల్లో వినిపిస్తూనే ఉంది. గొళ్ళెం, గొళ్ళెం, గొళ్ళెం. అంతకుముందు ఆమెను ఇంట్లో పట్టి ఉంచినవాళ్ళు లేరు. కళ్ళు ఇంత మసకబారకముందు షేరాటో ఎక్కి ఒకర్తే ఎర్రమంచి పోయింది, కార్ల ఫ్యాక్టరీ చూడాలని. గేటు దగ్గర వాచ్‌మన్ పంపించేస్తే రోడ్డుకు అవతల గట్టు మీద కూర్చుని, లారీ కడుపులో రెండంతస్తులుగా కార్లు ఎట్లా ఎక్కిస్తారో పొద్దు వాలేదాకా చూసింది. సంతలో మడకశిర వైపు ఆడవాళ్ళ దగ్గర కన్నడం నేర్చుకుంది, డబ్బును దుడ్లు అనడం తప్ప ఇంకేమీ రాకుండా చచ్చిపోవడమెందుకని. ఫోన్లో మైకు బొమ్మ నొక్కి, తిమింగలం ఎట్లా నిద్రపోతుందని అడిగింది. "ఈ వయసులో నీకెందుకవ్వా ఇయన్నీ" అని వీధిలో ఎవరన్నా నవ్వితే, "వయసు నాకు గదమ్మా, తిమింగలానికి కాదు గదా" అని ఆమె కూడా నవ్వేది. గొళ్ళెం పడ్డాక ఆ నవ్వు కూడా లోపలే ఉండిపోయింది. చుట్టాల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

రైలు బాసంపల్లి దాటి సొరంగంలోకి పోయింది. ఒక్కసారిగా చీకటి, చక్రాల మోత రెట్టింపు, ఎవరో పిల్లలు కావాలని కేక పెట్టారు. బోగీలో దీపాలు వెలిగేసరికి ఎర్ర కోటు మనిషి లేడు. అతని చోట కిటికీ అంతా అల్లుకుని ఎర్రని, నల్లని గళ్ళు, ఒక దానిలో ఒకటి, చీర అంచులాగా కదులుతూ పోతున్నాయి. ఎవరు నేస్తున్నారివి? కంటి డాక్టరమ్మ మంజుల చెప్పింది, నీ బుర్రే నేస్తోందని. పోయిన నెల కంటి క్యాంపులో రాధ చీటీ కోసం బయటికి పోయినప్పుడు ఆ చిన్నపిల్ల డాక్టరమ్మ లైటు కంట్లోకి కొట్టి, చాలా మామూలుగా అడిగింది, "అవ్వా, లేని మనుషులు గానీ బొమ్మలు గానీ కనపడతాయా నీకు?" హనుమక్కకు ఏడుపొచ్చింది. అడిగిన మనిషి దొరికినందుకు. కంటికి చూపు అందకపోతే మెదడు ఊరికే ఉండదంట, తనకు తోచింది గీసుకుంటుందంట. దయ్యమూ కాదు, పిచ్చీ కాదు, చాలామందికి ఉంటుంది, చెప్పుకోరు, అంతే. "పొర తీసేస్తే పోతారా వాళ్ళు?" అని హనుమక్క అడిగితే, "ఎక్కువమందికి పోతారవ్వా, సంతోషంగా ఉండు" అంది డాక్టరమ్మ. సంతోషమా? అంతకుముందు రెండుసార్లు ఆపరేషను వద్దన్నది ఆమె. కత్తికి భయపడిందనుకున్నారు ఇంట్లో. పోతారేమోనని ముందే లోపల ఎక్కడో అనిపించి వద్దన్నదని ఎవరికి తెలుసు? వాళ్ళు పోతే నీలావతి ఎట్లా వస్తుంది?

నీలావతి. ఈ పేరు పైకి అని ఎన్నేళ్ళయిందో. చెన్నేకొత్తపల్లికి అవతల పల్లెలో చేను చేసుకుని బతికే రోజుల్లో పుట్టిన పిల్ల, శ్రీనివాసులు కంటే ముందు పిల్ల. నాలుగేళ్ళు నిండకుండానే పోయింది. పిల్లంతా గుర్తుంది హనుమక్కకు. నడుము మీద ఎక్కితే ఏ వైపు బరువు పడేదో గుర్తుంది. తల అంటిన రోజు జుట్టులో సీకాయ వాసన గుర్తుంది. ముద్ద మింగేటప్పుడు మెడ ముందుకు సాచడం గుర్తుంది, మోకాలి మీద మానుతున్న దెబ్బ పక్కు గుర్తుంది. ముఖం ఒక్కటి లేదు. ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది. ఒక ఏడాది ఉన్నట్టే ఉంది, మరో ఏడాది కళ్ళు మాత్రం ఉన్నాయి, ఆ తరవాత ఎంత వెదికినా శ్రీనివాసులు చిన్నప్పటి ముఖమో, చెల్లెలి బిడ్డ ముఖమో అడ్డం వచ్చేది. ఫోటో లేదు. చుట్టాలు రావడం మొదలయ్యాక, వాళ్ళ ముఖాలు వెంట్రుకతో సహా కనపడడం చూశాక, ఆమెకు ఒక ఆశ పుట్టింది. ఇంతమంది ఊరూ పేరూ లేనివాళ్ళు వస్తున్నారు, ఆ ఒక్క పిల్ల రాదా? ఎప్పుడో ఒక పొద్దున మంచం పక్కన నిలబడదా? పలకకపోయినా పోనీ, ముఖం చూపించి పోదా? అందుకోసం ఆమె గుడ్డితనాన్ని కాపాడుకుంటూ వచ్చింది.

మరి ఇవాళ ఎందుకు ఈ రైలెక్కింది? ఒక పండు వల్ల. చెప్తే నవ్వుతారు. పోయిన వారం మధ్యాహ్నం గదినిండా చుట్టాలు. ఆమె ఒక్కొక్కరినే అడిగింది, ఎవరి బిడ్డవు నువ్వు, ఏం తింటావు, చచ్చిపోయావా అసలు పుట్టనే లేదా. అంత నిశ్శబ్దం ఆమె ఎప్పుడూ వినలేదు. అప్పుడు వీధిలో తోపుడుబండి అరుపు. కిటికీ దగ్గరికి పోయి, "ఏమప్పా, ఏం కాయలు?" అంటే, బండి గోవిందప్ప ఒక కాయ ఆమె చేతిలో పెట్టాడు. పొలుసులు పొలుసులుగా ఉంది, చేప కాదు, మొక్కజొన్న కాదు. డ్రాగన్ పండంట, మనవైపే పండిస్తున్నారంట. "చెట్టు కాదవ్వా, జెముడు మాదిరి తీగ. రాతి కూసం నిలబెట్టి దాని మీదికి ఎక్కిస్తారు. పువ్వు రాత్రిపూట ఇచ్చుకుంటాది, తెల్లారితే వాడిపోతాది" అని గోవిందప్ప చెప్తుంటే ఆమె అడుగుతూనే ఉంది, అతను చెప్తూనే ఉన్నాడు. చివరికి కాయ కోసి, "లోపల సూడవ్వా, ఎంత చిత్రంగా ఉండాదో" అన్నాడు. చూసింది. పాలలాంటి మసక. "నువ్వులు చల్లినట్టు ఉండాది సూడు" అన్నాడు. నువ్వులు కనపడలేదు. వెనక గదిలో మనుషులంతా వెంట్రుక వెంట్రుకకూ కనపడుతున్నారు, ముందర చేతిలో ఉన్న పండు లోపల ఏముందో కనపడలేదు. ఆ సాయంత్రం రాధతో చెప్పింది, "హిందూపురం పోదాం పా, కన్ను కోయించుకుంటా." చెప్పిన క్షణం నుంచి ఇప్పటిదాకా బిడ్డను మళ్ళీ ఒకసారి కాటికి పంపుతున్నట్టే ఉంది.

"కొండ వచ్చిందత్తా, పెనుకొండ" అంది రాధ. నల్లటి ముద్ద ఒకటి కిటికీ నిండా నిలబడింది. రైలు ఆగింది. టీ, వడ, మనుషులు దిగే తొక్కిసలాట. ఈ కొండ కిందే బాబయ్య దర్గా ఉరుసు. నీలావతి ఉన్న ఆఖరి ఏడు పెనిమిటి ఉలిగప్ప పిల్లను భుజం మీద ఎక్కించుకుని జనంలో నడిచాడు, ఆమె చెరుకుముక్క నములుతూ వెనకే పోయింది. ఫోటోల డేరాలో గుడ్డ మీద విమానం బొమ్మ గీసి ఉంది. పిల్లను స్టూలు మీద నిలబెట్టారు. ఫోటో ఆయన నల్ల గుడ్డలో తల దూర్చగానే, "ఆయప్ప తల యాడ పోయా?" అని పిల్ల గుక్క పట్టింది. ఎంత బుజ్జగించినా ఊరుకోలేదు. "పోనీలే, వచ్చే ఏడు తీయిద్దాం, అప్పుడికి పెద్దదవుతాది" అన్నాడు ఉలిగప్ప. అందరూ నవ్వారు. పిల్ల కూడా కన్నీళ్ళ మధ్య నవ్వింది, నవ్విందని తెలుసు, నవ్వు ఎట్లా ఉందో తెలియదు. ఆ చలికాలమే గొంతు వాచి జ్వరమొచ్చింది. ఎద్దులబండిలో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి పోతుంటే పిల్ల పైకి చూస్తూ, "అమ్మా, ఎద్దులు నడస్తా నిద్రపోతాయా?" అని అడిగింది. ఎప్పుడూ అట్లాంటివే అడిగేది. చీమలకు పేర్లుంటాయా, బుక్కపట్నం చెరువు అడుగున ఎవురుంటారు, ఒకటే అడగడం. హనుమక్క అప్పట్లో అడిగే మనిషి కాదు, అడిగితే వీపు పగిలే ఇంట్లో పెరిగింది. "తెల్దు కన్నా, పడుకో" అంది. చెన్నేకొత్తపల్లి చేరకముందే పిల్ల ఒళ్ళు చల్లబడింది. నెలలు గడిచాక ఒకనాడు పశువుల డాక్టరు ఊళ్ళోకి వస్తే, ఆడదానివి నీకెందుకని మామ కసురుతున్నా పోయి ఎదురుగా నిలబడి అడిగింది, ఎద్దులు నడుస్తా నిద్రపోతాయా సార్ అని. నిలబడి కునుకు తీస్తాయమ్మా, నిద్రపోవాలంటే పడుకోవాల్సిందే అన్నాడాయన. ఆ మాట చెప్పేందుకు ఇంటికి పరుగెత్తింది. ఎవరికి చెప్పాలో ఇల్లు చేరాక గుర్తొచ్చింది. అప్పటి నుంచి అడగడం ఆగలేదు ఆమెకు, ఎవరో చెవిలో నిలబడి అడిగిస్తున్నట్టే.

రైలు మళ్ళీ కదిలింది. ఎదుటి సీట్లో, రాధ పెట్టిన సంచి పక్కన, ఒక ఆడపిల్ల కూర్చుని ఉంది.

హనుమక్క ముందుకు వంగింది. మూడు నాలుగేళ్ళ పిల్ల. పసుపురంగు గౌను, చెవి కుట్టిన చోట కమ్మకు బదులు వేపపుల్ల, కాళ్ళు సీటు అంచు దాకా కూడా రావడం లేదు. కుడికంటి రెప్పకు కాటుక కాస్త పక్కకు చెదిరింది. పెదవులు ఎండి ఉన్నాయి. చుట్టాలెవరూ చూడనట్టే ఇదీ చూడలేదు, కిటికీ వైపు తిరిగి ఉంది. నువ్వేనా? హనుమక్క ఆ ముక్కు చూసింది, నుదురు చూసింది, గడ్డం చూసింది, ఇదే అని గుండె కొట్టుకోవడం కోసం కాచుకుంది. గుండె కొట్టుకుంటోంది గానీ ఏమీ చెప్పలేదు. ఈ ముఖం తెలిసినదో తెలియనిదో తెలియలేదు. అప్పుడు అర్థమైంది ఆమెకు. పిల్ల వచ్చినా తాను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టడానికి ముఖం ముందే తన దగ్గర ఉండాలి కదా. ఇదే మొదటిసారి కాదేమో, ఇన్నాళ్ళుగా వంటింటి గట్టు మీద, మిద్దె మీద, ఎన్నిసార్లు వచ్చి పోయిందో, తాను ఎవరి బిడ్డవే నువ్వు అని అడిగి పంపించేసిందేమో. ఆమెకు తెలియకుండానే గొంతు పైకి వచ్చింది, "నీలమ్మా, నువ్వేనా?"

"ఎవురితో మాట్లాడతాండావత్తా?" అంది రాధ.

చెప్పకూడదు. చెప్తే కొడుకుకు తెలుస్తుంది, గొళ్ళెం తాళమవుతుంది. కానీ పిల్ల అక్కడ కూర్చుని ఉంది, కాసేపట్లో పోతుంది, ఇంక ఎన్నడూ రాదు. ఆ సంగతి ఒక్కర్తే మోయడం ఆమెవల్ల కాలేదు. "ఎదురుగా పాప ఉండాది రాధా. నీకు కనపడదు. నాకు కనపడినా నిజంగా ఉన్నట్టు కాదు. కన్ను కోస్తే ఇట్లాంటోళ్ళు రారంట, డాక్టరమ్మ చెప్పింది. నాకు పెద్దబిడ్డ ఉన్న్యాది, నీలావతి అని. ఈ పాప అదేనేమో, కాదేమో. నాకు తెలీడం లేదే. కన్నతల్లిని, నాకు తెలీడం లేదు."

రాధ ఆమె వైపు తిరిగింది. హనుమక్కకు కనిపిస్తున్నది మసక ముఖమే, అందులో జాలి ఉందో, భయం ఉందో, శ్రీనుకు ఫోన్ చేయాలన్న ఆలోచన ఉందో ఎట్లా తెలుస్తుంది? తరవాత చీర గరగరమంది. రాధ లేచి, ఎదుటి సీటు మీద పెట్టిన సంచి తీసి, కింద తన కాళ్ళ దగ్గర పెట్టుకుంది. పిల్లకు చోటిచ్చింది. తిరిగి కూర్చుని, గొంతు సవరించుకుని అడిగింది, "ఎట్లుండాది పాప? ఏం గౌను ఏసుకున్న్యాది?"

ఇన్నేళ్ళలో ఎవరూ అడగని మాట. ఉలిగప్ప అడగలేదు, ఆయనకు ఆ పేరు వింటే గుడ్లలో నీళ్ళు తిరిగేవి. హనుమక్క చెప్పడం మొదలుపెట్టింది. పసుపు గౌను చెప్పింది, చెవిలో వేపపుల్ల చెప్పింది, అక్కడి నుంచి ఎప్పుడు దాటిందో తెలియకుండా ఫోటో డేరాలోకి, ఎద్దులబండిలోకి పోయింది. "ఎద్దులు నడస్తా నిద్రపోతాయా అని అడిగె" అంటే, రాధ మెల్లగా, "పోతాయా అత్తా?" అంది. "పోవమ్మా, నిలబడి కునుకు తీస్తాయంట, అంతే." ఆ జవాబు ఇన్నాళ్ళకు ఒక మనిషికి చేరింది. రాధ ఆమె చెయ్యి పట్టుకుంది. "మీ కొడుక్కు నేను చెప్తాలే, మతి తప్పలేదని. డాక్టరమ్మతోనే చెప్పిస్తా" అంది. "పాప ఇంకా ఉండాదా?" అని కూడా అడిగింది. ఉంది. మలుగూరు దాటేదాకా ఉంది. హనుమక్క రెప్ప వేయకుండా చూసింది, కళ్ళు మండి నీళ్ళు కారేదాకా చూసింది, ఆ నీళ్ళు తుడుచుకునేందుకు ఒక్కసారి రెప్పలు మూయక తప్పలేదు. తెరిచేసరికి ఎదుటి సీటు మీద అరిగిపోయిన నీలం రెక్సిను మసకగా ఉంది. హిందూపురం వచ్చిందని ఎవరో అంటున్నారు. జనం తలుపు వైపు కదులుతున్నారు. ఆమె లేచి నిలబడింది.

హిందూపురం ఆసుపత్రిలో కోసిన ఒక కంటి కట్టు మర్నాడు పొద్దున విప్పారు. మొదట వచ్చింది తెలుపు. గోడ ఇంత తెల్లగా ఉంటుందని మరిచేపోయింది. గోడ మీద పగులు, పగులు పక్కన బల్లి, బల్లి తోక కదలడం. కంటిని తాకవద్దని నర్సమ్మ చెప్తోంది. హనుమక్క గది నాలుగు మూలలూ చూసింది. మూలల్లో ఎవరూ లేరు. తలుపు దగ్గర స్టూలు ఖాళీగా ఉంది. ఆమె అరచెయ్యి ఎత్తి, తాకకుండా, కొత్త కంటికి అడ్డం పెట్టుకుంది. కోయని కంట్లో ఇంకా పాత మసకే ఉంది. ఆ మసకలోకి చూస్తూ కూర్చుంది. మసకలో ఎవరూ రాలేదు. చాలాసేపటికి ఆమె చెయ్యి దించింది.

ఎదురుగా రాధ నిలబడి ఉంది. చెవుల దగ్గర జుట్టు నెరిసింది, కళ్ళ కింద నలుపు, గడ్డం కింద అడ్డంగా చిన్న మచ్చ. కోడలికి జుట్టు నెరిసిన సంగతి ఎవరూ చెప్పలేదు ఆమెకు.

"కిటికీ కాడికి రామ్మా, ఎలుగులోకి" అంది హనుమక్క. రాధ వచ్చి దగ్గరగా కూర్చుంది. హనుమక్క ఆ నుదురు చూసింది, ముక్కు చూసింది, పెదవుల పక్క గీతలు చూసింది, ఒక్కటి కూడా వదలకుండా, ఈసారి పోనివ్వకూడదన్నట్టు చూసింది. రాధకు సిగ్గేసి తల తిప్పుకోబోతే, గడ్డం పట్టి మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"ఈ మచ్చ ఎప్పటిదే, రాధా?"

"చిన్నప్పటిది అత్తా. బాయి గట్టు మీంద జారి పన్న్యా."

"యా బాయి? ఎట్ల పన్న్యావు? ఎవురు లేపిరి? మొదుట్నించీ చెప్పు."